గిద్ద నుంచి తూము దాకా ఎనిమిది మెట్లు

రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. మా కోస్తా పల్లెల్లో గాదె ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ వరస నోటికి వచ్చేది. ఊరు మారితే ఒకటి రెండు పేర్లు మారేవి. కొన్నిచోట్ల కొలతే కాస్త అటూ ఇటూ అయ్యేది. రెట్టింపు చేసుకుంటూ పోయే పద్ధతి మాత్రం అలాగే ఉండేది.

మా అమ్మమ్మ ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనేది కాదు, ‘లాభం’ అనేది. లాభం, రెండు, మూడు అంటూ ఆ లెక్క వసారాలోంచి వంటింట్లోకి వినపడేది. చదువుకున్న మనిషి కాదు. అయినా మూడు కుంచాల బియ్యంలో ఎన్ని సోలలు వస్తాయంటే వేళ్ళు కూడా ముడవకుండా నలభై ఎనిమిది అనేది. సోల నుంచి కుంచానికి నాలుగు మెట్లు, కాబట్టి పదహారు. మూడు పదహార్లు నలభై ఎనిమిది. ఆవిడ ఘాతాంకం అనే మాట ఎన్నడూ విని ఉండదు.

మా లెక్కల మాస్టారు ఏడో తరగతిలో ఘాతాంకాల పాఠాన్ని ఈ కొలతలతోనే మొదలుపెట్టేవారు. బొగ్గూ ఆకుపసరూ కలిపి రుద్దిన నల్లబల్ల మీద కింద గిద్ద, పైన తూము, మధ్యలో మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి రాసేవారు. ఒక్కోదాని ఎదురుగా అందులో ఎన్ని గిద్దలుంటాయో మా చేత చెప్పించేవారు. గిద్ద 1, అరసోల 2, సోల 4, తవ్వ 8, మానిక 16, అడ్డ 32, కుంచం 64, ఇరస 128, తూము 256. ఆ తర్వాత మూడో వరసలో గిద్ద నుంచి ఎన్ని మెట్లు ఎక్కామో రాయించేవారు. 0, 1, 2, 3 నుంచి 8 దాకా. పాఠమంతా ఆ మూడు వరసల్లోనే ఉంది. రెండు అంకె వేసి దాని నెత్తిన చిన్నగా ఎనిమిది వేసి, “ఇదిరా తూము” అనేవారు.

ఆ తర్వాతి ప్రశ్న. “తవ్వలో ఎన్ని గిద్దలు? ఎనిమిది. తూములో ఎన్ని తవ్వలు? ముప్ఫై రెండు. అయితే తూములో ఎన్ని గిద్దలు?” మేం 32ని 8తో గుణించే పనిలో పడేవాళ్ళం. ఆయన ఆగమనేవారు. “గిద్ద నుంచి తవ్వకి మూడు మెట్లు ఎక్కావు. తవ్వ నుంచి తూముకి ఐదు మెట్లు. మొత్తం ఎన్ని మెట్లు ఎక్కావు?” ఎనిమిది. బల్ల మీద 2³ × 2⁵ = 2⁸ అని రాసేవారు. సరుకుని గుణిస్తున్నప్పుడు మెట్లని కూడుతున్నాం. ఆ చిన్న అంకెలను ఎందుకు కూడాలో, ఎందుకు గుణించకూడదో మాలో ఎవరికీ వేరే చెప్పాల్సిన పని రాలేదు. కుంచంలో ఎన్ని తవ్వలంటే ఆరో మెట్టు నుంచి మూడో మెట్టుకి దిగడం, మూడు మెట్లు, ఎనిమిది తవ్వలు. భాగహారంలో ఘాతాంకాలను తీసివేయాలన్న న్యాయం అలా వచ్చి చేరింది.

ఎక్కువమంది పిల్లలు చిక్కుపడేది సున్నా ఘాతాంకం దగ్గర. నేను పాఠాలు చెప్పిన కాలంలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి అడిగేవాళ్ళు: “టీచర్, రెండుని సున్నా సార్లు గుణిస్తే సున్నా రావాలి కదండీ, ఒకటి ఎలా వస్తుందండీ?” ఎంత న్యాయమైన ప్రశ్న! ‘సున్నా కాని ఏ సంఖ్యకైనా సున్నా ఘాతాంకమైతే విలువ 1’ అని పుస్తకంలోని వాక్యం చదివితే ఆ పిల్లవాడు కూర్చుంటాడు, అర్థమై మాత్రం కాదు. మా మాస్టారి బల్ల మీద ఆ ప్రశ్న పుట్టే వీలే లేదు. ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా కిందే నిలబడితే చేతిలో ఉన్నది గిద్ద. గిద్దలో ఎన్ని గిద్దలు? ఒకటి. అంతే.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అణాలు పోయాయి, వీశెలు పోయాయి, తర్వాత్తర్వాత లీటర్లూ కిలోలూ ఊళ్ళోకి దిగాయి. అవి రావలసినవే. ఊరికో తూము ఉన్నచోట కౌలుదారు ఎంత మోసపోయాడో ఆ కాలం పెద్దవాళ్ళకి తెలుసు. పది పదులుగా సాగే కొలతలతో దశాంశాల పాఠం తేలికైంది కూడా. కానీ చట్టం వచ్చిన రోజున వంటింట్లోంచి సోల వెళ్ళిపోలేదు. ఇత్తడి సోలా, గిద్దా, ఇనప కుంచం ఇంకా చాలాకాలం ఇళ్ళల్లో ఉన్నాయి, పెళ్ళిళ్ళలో కనిపించాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తవ్వ అంటే పిల్లలకు తెలుసు. తర్వాత కొందరికి తెలిసేది. ఆ తర్వాత నేను బల్ల మీద ఆ పేర్లు రాస్తే “తవ్వ అంటే ఏంటి టీచర్?” అని తరగతి మొత్తం అడిగింది. పాతసామాన్ల బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా ఒక్కో ఇంటి నుంచీ ఒక్కో కొలపాత్ర వెళ్ళిపోయింది. అమ్మినవాళ్ళకు స్టీలు గిన్నె వచ్చింది. నేను మా ఇంట్లో మిగిలిన సోలనీ గిద్దనీ సంచిలో వేసుకుని బడికి తీసుకెళ్ళి, ఇసకతో కొలిపించేదాన్ని. నాలుగు గిద్దల ఇసక సోలలో పట్టగానే వెనక బెంచీ పిల్లలు కూడా లేచి వచ్చి చూసేవాళ్ళు.

గిద్దకు కింద ఏముంటుంది? ఇది ఎనిమిదో తరగతి ప్రశ్న. రుణ ఘాతాంకాలు అక్కడే వస్తాయి. ఇక్కడ మనం పోగొట్టుకున్నది ఒక పాత్ర కాదు, ఒక రాతే. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలకు వేరే గుర్తులు ఉండేవి. కాలు అంటే నాలుగో వంతు. దానిలో నాలుగో వంతు వీసం, అంటే పదహారో వంతు. వీసంలో నాలుగో వంతు ‘కాని’, అరవై నాలుగో వంతు. కాలుకి నిలువు గీత, అరకి రెండు నిలువు గీతలు, ముప్పావుకి మూడు. వీసాలకి వచ్చేసరికి గీత అడ్డంగా పడుకుంటుంది. ఇంకా కిందికి దిగితే మళ్ళీ నిలువు. నిలువు, అడ్డం, నిలువు, అడ్డం అంటూ ఒక్కో మెట్టుకీ నాలుగేసి వంతులుగా చిన్నవవుతాయి. ఏ మెట్టు మీద ఉన్నామో గీత పడిన తీరే చెబుతుంది. ఇప్పటి రాతలో అవి 4⁻¹, 4⁻², 4⁻³. కరణాలూ షావుకార్లూ రోజూ రాసుకున్నవి ఇవే.

ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లో చేరాయి. అంటే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ గుర్తించగల అక్షరాల్లో మన కాలూ వీసాలూ ఉన్నాయి. వాటిని చూసి చదవగల పిల్లవాడు మాత్రం నాకు ఇంతవరకు కనపడలేదు. రుణ ఘాతాంకం ఎక్కడో పరాయి నేల మీద పుట్టిన కష్టమైన సంగతని భయపడే పిల్లలకు, మీ ముత్తాత వడ్లు అమ్మి రాసుకున్న చీటీలో ఉన్నది ఇదేనని చూపించడం ఎంత బలం! ఆ బలం వాళ్ళకు అందకపోవడం నాకు నిజంగా బాధ.

ఇక చతుర్విధ ప్రక్రియల వరస. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ఒకే లెక్కలో కలిసి వస్తే ఏది ముందు? దానికి ‘బాడ్‌మాస్’ అని ఒక సూత్రం నోటికి పట్టించేవాళ్ళం, ఇప్పటికీ పట్టిస్తున్నారు. బ్రాకెట్లు, ‘యొక్క’, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత. గుర్తుంచుకోవడానికి సులువే. కానీ దాంట్లో ఒక ప్రమాదం ఉంది. కూడిక ముందుంది కాబట్టి 10 − 3 + 2 లో పిల్లవాడు 3నీ 2నీ కూడి 10లోంచి తీసేస్తాడు, 5 అంటాడు. జవాబు 9. కూడిక, తీసివేత సమానమైనవి, ఎడమ నుంచి కుడికి ఏది ముందొస్తే అది చేయాలి. గుణకారం, భాగహారం కూడా అంతే. 24 ÷ 4 × 3 అంటే 18, 2 కాదు. సూత్రంలోని అక్షరాలు ఈ సంగతి చెప్పవు. టీచరే చెప్పాలి, పదే పదే చెప్పాలి.

అసలు గుణకారం ముందెందుకు? ఈ ప్రశ్నకు నాకు దొరికిన జవాబుల్లో అన్నింటికన్నా మంచిది మా వీధి చివర కిరాణా కొట్టు పద్దు పుస్తకంలో ఉంది. పొడవాటి పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. కొట్టు శెట్టిగారు చెవి మీద పెన్సిలు తీసి రాసేవారు. కందిపప్పు రెండు, ధర పద్నాలుగు. ఎదురుగా 28. సబ్బులు మూడు, ధర ఐదు. ఎదురుగా 15. కింద గీత గీసి 43. ఆ పుస్తకంలో ఒక్కో వరుస ఒక్కో సరుకు. వరుసలో గుణకారం, గీత కింద కూడిక. సరుకు విలువ తేలకుండా మొత్తం వెయ్యడం ఆయన ఊహకు కూడా అందదు.

నేను తరగతిలో 2 × 14 + 3 × 5 అని రాసి, ఎడమ నుంచి కుడికి గబగబా చేసుకుపొమ్మనేదాన్ని. 28, దానికి 3 కలిపితే 31, దాన్ని ఐదుతో గుణిస్తే 155. అప్పుడు పద్దు బొమ్మ గీసి అడిగేదాన్ని: “నలభై మూడు రూపాయల సరుక్కి నూట యాభై ఐదు ఇచ్చి వస్తారా?” “ఇవ్వం టీచర్!” అని అరుపు. ఆ అరుపు తర్వాత గుణకారం ముందెందుకని అడిగిన పిల్లలు లేరు. కూడిక గుర్తు రెండు వరుసల మధ్య గీత అని వాళ్ళే చెప్పేవాళ్ళు. ఘాతాంకం గుణకారానికన్నా ముందు ఎందుకో కూడా మళ్ళీ కొలతల దగ్గరికే వెళ్ళి చూడొచ్చు. ఐదు మానికల్లో గిద్దలెన్ని? 5 × 2⁴. ముందు మానిక ఎంతో తేలాలి, పదహారు. అవి ఐదు, ఎనభై. ఐదునీ రెండునీ ముందే గుణించేసి పదికి నాలుగో ఘాతం కడితే పదివేల గిద్దలు. ఐదు మానికల బియ్యం దాదాపు నలభై తూములైపోతుంది!

ఆ పద్దు పుస్తకం కూడా పోయింది. ఇప్పుడు యంత్రం చీటీ ఇస్తుంది, లేదా ఫోన్‌లో మొత్తం కనపడుతుంది. వరుసలు ఉన్నా, ఆ గుణకారాన్ని చేసే చెయ్యి కనపడదు. పిల్లలను కొట్టుకు పంపి లెక్క చూసుకుని రమ్మనడం ఇళ్ళల్లో మానేశాం.

‘యొక్క’ సంగతి చెప్పాలి. పాత పుస్తకాల్లో 24 ÷ ½ యొక్క 6 అని లెక్కలుండేవి. ‘యొక్క’ ఉంటే దాన్ని భాగహారం కన్నా ముందు చెయ్యాలి. ½ యొక్క 6 అంటే 3, ఇరవై నాలుగుని మూడుతో భాగిస్తే 8. అదే చోట గుణకారం గుర్తు వేస్తే 24 ÷ ½ × 6, అంటే 48ని 6తో గుణించి 288. ఒక్క మాట మారితే ఎనిమిది కాస్తా రెండువందల ఎనభై ఎనిమిది అవుతుంది. దానితో పాటు రేఖా కుండలీకరణం ఉండేది, సంఖ్యల నెత్తిన అడ్డగీత. దాని బయట చిన్న బ్రాకెట్, దాని బయట ఫ్లవర్ బ్రాకెట్, దాని బయట పెద్ద బ్రాకెట్. నాలుగు పొరలు వలిచి లోపలి నుంచి బయటికి రావాలి. ఇవి పోయినందుకు నాకు విచారం లేదు. పన్నెండేళ్ళ పిల్లలకు అన్ని పొరల లెక్కలు ఇవ్వడం వల్ల తప్పులు పెరిగాయే తప్ప తెలివి పెరగలేదు. రెండు పొరల బ్రాకెట్లతో నేర్పవలసినదంతా నేర్పవచ్చు.

విచారం ఉన్నది వేరే దానికి. ఆ లెక్కల్ని చేసే పద్ధతికి. మా మాస్టారి నియమం ఒకటే: ఒక వరసలో ఒకటే పని. బ్రాకెట్ విప్పితే ఆ వరసలో అదే, మిగిలినదంతా ఉన్నదున్నట్టు కిందికి దించి రాయాలి. సమానం గుర్తులు ఒకదాని కింద ఒకటి నిలువుగా రావాలి. పలక మీదైతే చోటు చాలదు, అందుకని పై వరస చెరిపే ముందు పక్క పిల్లవాడికి చూపించాలి. వాడు ఒప్పుకుంటేనే తడిగుడ్డ. చెరపబోయే ప్రతి వరసనీ ఇంకొకరు చూశారు కాబట్టి తప్పు ఏ మెట్టులో జరిగిందో అక్కడే దొరికేది. బిట్ పేపర్లు, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పరీక్షలు పెరిగాక ఆ మెట్లకు మార్కులు లేకుండా పోయాయి. జవాబు సరైనదా కాదా, అంతే. తప్పు చేసిన పిల్లవాడికి తానెక్కడ తప్పాడో తెలిసే దారి మూసుకుపోయింది. ఘాతాంకాలలో ఇది మరీ అన్యాయం. 2³ని 6 అన్న పిల్లవాడూ, 2³ × 2⁵ని 4⁸ అన్న పిల్లవాడూ ఒకే తప్పు చేయలేదు. మొదటివాడికి ఘాతం అంటే ఏమిటో చెప్పాలి. రెండోవాడికి అది తెలుసు, భూమిని, అంటే కింద ఉన్న 2ని, ముట్టుకోకూడదని చెబితే చాలు. బిట్ పేపర్ ఇద్దరికీ సున్నాయే వేస్తుంది.

సంవర్గమాన పట్టికల గురించి రెండు మాటలు. ఇంటర్మీడియట్ పిల్లల దగ్గర పల్చని పుస్తకంగా ఉండేవి. నేను వాటిని ఎనిమిదో తరగతికి తెచ్చి చూపించేదాన్ని. ఒక్కో సంఖ్య 10 ఘాతాల మెట్ల మీద ఎక్కడ ఉంటుందో అవి చెబుతాయి. 2 ఎదురుగా 0.3010, 3 ఎదురుగా 0.4771. ఈ రెండూ కూడితే 0.7781. ఆరు దగ్గర చూస్తే 0.7782. చివరి అంకెలో ఒకటి తేడా, నాలుగు స్థానాలకు సవరించి రాయడం వల్ల వచ్చినది. “మెట్లు కూడితే సరుకు గుణించినట్టే కదా టీచర్” అని ఒక అమ్మాయి అంది. 1614లో గణితవేత్త నేపియర్ సంవర్గమానాలతో లోకానికి చెప్పిన సంగతిలో సారం అదే. కాల్క్యులేటర్లు వచ్చాక ఆ పుస్తకం పనీ తగ్గింది.

అన్నింటికన్నా ఎక్కువ ఇష్టంగా చెప్పిన పాఠం పావులూరి మల్లనది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. చదరంగం పలక మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు. అరవై నాలుగు గళ్ళకీ కలిపి ఎన్ని? మల్లన పేరున ఉన్న ఒక పద్యం ఆ జవాబుని అంకెల్లో కాక మాటల్లో చెబుతుంది. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు, ఆకాశమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోతే ఇరవై అంకెల సంఖ్య వస్తుంది: 1,84,46,74,40,73,70,95,51,615. అది సరిగ్గా 2⁶⁴ − 1.

ఇంత సంఖ్యని ఏడో తరగతి పిల్లలు ఎలా సరిచూస్తారు? మొత్తం చూడలేరు, చివరి అంకెని చూడగలరు. 2 ఘాతాల చివరి అంకెలు వరసగా రాయమనేదాన్ని. 2, 4, 8, 6, మళ్ళీ 2, 4, 8, 6. నాలుగేసి మెట్లకు తిరిగి వస్తాయి. అరవై నాలుగు నాలుగుతో నిశ్శేషంగా పోతుంది, కాబట్టి 2⁶⁴ చివర 6. అందులోంచి ఒకటి తీస్తే 5. మల్లన పద్యం మొదలయ్యేది బాణంతో, అంటే ఐదుతో. దాదాపు వెయ్యేళ్ళ కిందటి తెలుగు కవి లెక్కలో చివరి అంకె సరేనని పల్లెటూరి పిల్లలు సుద్దముక్కతో తేల్చిన ఆ గంట కోసమే నేను టీచర్నయ్యానని అనిపించేది. ఇప్పుడు కొత్త పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. అది మంచిదే, ఏ మాధ్యమంలో చదివినా పిల్లవాడికి రెండు దారులుంటాయి. ఆ రెండు పేజీల్లో మల్లనకి కూడా ఒక మూల చోటివ్వడం కష్టమైన పని కాదు.

ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతున్న టీచర్లకు నా మనవి ఇది. ఘాతాంక న్యాయాలు బల్ల మీద రాసే ముందు రోజు పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పాత కొలతల పేర్లు అడిగి రాసుకు రమ్మనండి. గిద్దో, సోలో, తవ్వో, మీ ప్రాంతంలో ఏది ఉంటే అది. చతుర్విధ ప్రక్రియలు చెప్పేటప్పుడు ఒక వరసలో ఒకటే పని చేయించండి, ప్రతి వరసకీ మార్కు వెయ్యండి. ఇంట్లో పాత సోలా గిద్దా ఉన్నవాళ్ళు వాటిని పాతసామాన్లకి వెయ్యకండి, దగ్గరలోని హైస్కూల్లో లెక్కల టీచరుకి ఇవ్వండి.